ఆఫీసు ఇంగ్లీషులో కవల మాటలు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యవర్గం వారు కబురు చేశారు. రాజుల చరిత్ర, శాసనాల చరిత్ర రాయగల పెద్దలు మన సభ్యుల్లోనే ఉన్నారు. ముప్పయ్యారేళ్లు నోట్ ఫైళ్లు రాసి, డ్రాఫ్టులు పెట్టి, ఫెయిర్ కాపీలు సరిచూసిన గుమాస్తాకు తెలిసిన చరిత్ర మాటల చరిత్ర ఒక్కటే. అందులోనూ ఇంగ్లీషు మాటలది. చూడటానికి కవలపిల్లల్లా ఉండి, ఫలితం దగ్గరకు వచ్చేసరికి ఒకటి కంచంలో అన్నం పెట్టేదీ, రెండోది ఉన్న అన్నం లాగేసేదీ అయిన మాటలు మన సర్వీసు కాగితాల నిండా ఉన్నాయి. ఈనాడు మనం ఒకటో తారీఖున బ్యాంకుకు వెళ్లి తీసుకునే పింఛను కూడా అలాంటి మాటల మీదే నడిచి వచ్చింది. ఆ కథ మన పిల్లలకు, మనుమలకు తెలియాలని ఈ ప్రయత్నం.

మన కచేరీల్లో ఇంగ్లీషు కంటే ముందు పారశీకం, మరాఠీ, హిందూస్తానీ మాటలు రాజ్యం చేశాయి. దస్త్రం, జమాబందీ, తహసీలు, సిరస్తాదారు, మంజూరు, బర్తరఫు, హాజరు, నకలు... వీటిలో ఏదీ అచ్చ తెలుగు కాదు. అయినా పల్లెటూరి రైతు నోట్లో నలిగి మనవై పోయాయి. ఆ మాటలతో తెల్లదొరలే తికమక పడేవారు. సి.పి. బ్రౌన్ దొరగారు తెలుగు నిఘంటువులతో పాటు 1852లో ‘జిల్లా డిక్షనరీ’ అని ఒకటి మద్రాసులో అచ్చు వేయించారు. కచేరీ వ్యవహారంలో వాడే దేశీయ మాటలకు ఇంగ్లీషులో అర్థం చెప్పే పుస్తకం అది. అంటే ఆనాడు నిఘంటువు చేతపట్టుకుని అవస్థ పడింది దొరలు. ఆ తరవాత వందేళ్లకు పైగా ఆ అవస్థ మన వంతయింది.

మద్రాసు రాజధానిలో ఇంగ్లీషు కచేరీ పద్ధతులు కుదురుకున్నాక టాటెన్‌హామ్ అనే ఐ.సి.ఎస్. అధికారి పేరుతో ఒక పద్ధతి వచ్చింది. పర్సనల్ రిజిస్టరు, కరెంటు ఫైలు, నోట్ ఫైలు, టప్పాలు అన్నీ అందులోనివే. ఆంధ్ర రాష్ట్రం వచ్చినా, ఆంధ్రప్రదేశ్ వచ్చినా ఆ పద్ధతి చెక్కు చెదరలేదు. 1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. 1974లో మన గుంటూరు సీమ పెద్దమనిషి వావిలాల గోపాలకృష్ణయ్య గారి అధ్యక్షతన అధికార భాషా సంఘం ఏర్పడింది. వారు చేసిన కృషి తక్కువది కాదు. కాని ఫండమెంటల్ రూల్సు, పింఛను రూల్సు, ట్రెజరీ కోడు మాత్రం ఇంగ్లీషులోనే ఉండేవి. వాటి మీద నోటు పెట్టాలంటే ఇంగ్లీషులోనే పెట్టాలి. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఆడిట్ వాళ్ల అబ్జెక్షను తిరుగు టపాలో వచ్చేది.

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరింది ఒంగోలు జిల్లాలో. ఏడాది తిరక్కుండానే బదిలీ ఉత్తర్వు లేకుండా ప్రకాశం జిల్లా ఉద్యోగినయ్యాను. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి కొత్త జిల్లా చేశారు. 1972 డిసెంబరులో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. కొత్త జిల్లా కాబట్టి ఒక్కో సెక్షన్‌లో మూడు జిల్లాల మనుషులు ఉండేవారు. గుంటూరు వారిది ఒక యాస, నెల్లూరు వారిది ఒక యాస, మార్కాపురం, గిద్దలూరు వైపు వారిది మరొకటి. మధ్యాహ్నం క్యారేజీలు విప్పితే గోంగూర పచ్చడి దగ్గర అందరం ఒకటే. ఫైలు దగ్గర మాత్రం మమ్మల్ని కలిపింది ఇంగ్లీషే. ఆ ఇంగ్లీషు ఎవరి ఇంటిదీ కాదు కాబట్టి అందరికీ సమానంగా కష్టం.

మా సెక్షన్ సూపరింటెండెంటు గారు పాతకాలపు ఎస్.ఎస్.ఎల్.సి. మనిషి. ఆయన మాకు పాఠం చెప్పిన తీరు ఏ కాలేజీలోనూ లేదు. “ఏమయ్యా, కలెక్టరు గారికి ఫైలు ‘ఫార్వర్డ్’ చేస్తావా? పెద్దవారికి ‘సబ్‌మిట్’ చెయ్యాలి. సాటివారికి ‘ఫార్వర్డ్’. కిందివారికి ‘కమ్యూనికేట్’. ఇంటికొచ్చిన మామగారిని రారా అంటావా?” అనేవారు. మూడు మాటలకూ పంపడమే అర్థం. తేడా అంతా ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న దానిలో ఉంది. తెలుగులో నువ్వు, మీరు, తమరు అని మనం సర్వనామంతో చేసే మర్యాదను ఇంగ్లీషు కచేరీ క్రియతో చేసేది. ఈ సంగతి ఆయన చెప్పేదాకా నాకు తట్టలేదు.

‘అట్ యువర్ ఎర్లియెస్ట్ కన్వీనియన్స్’ అని ఒక పలుకుబడి ఉంది. కొత్తగా చేరిన కుర్రవాడు మాటకు మాట అర్థం చెప్పుకుని ‘తమకు వీలైనప్పుడు’ అనుకుని కాగితాన్ని ట్రేలో అడుగున పెట్టేవాడు. దాని అసలు అర్థం ‘ఆలస్యం చేయకుండా’. అలాగే ‘ఇన్ డ్యూ కోర్స్’ అంటే పద్ధతి ప్రకారం తగిన సమయంలో అని. మన ఆఫీసుల్లో దానికి వాడుకలో వచ్చిన అర్థం ఏమిటో పెన్షనర్లకు నేను చెప్పనక్కరలేదు! ‘రెడ్ టేప్’ అని పత్రికలు మనల్ని తిట్టేవి. ఇంగ్లండులో ప్రభుత్వ కాగితాలను ఎర్ర నాడాతో కట్టేవారు, ఆ మాట అలా పుట్టింది. ఫైళ్లు నాడాలతో కట్టి కట్టి వేళ్లు కాయలు కాసిన మాకు ఆ తిట్టు తిట్టులా వినపడేది కాదు.

‘డిస్పెన్స్’ అంటే ఇవ్వడం. డిస్పెన్సరీలో మందులిస్తారు కదా. దాని పక్కన ‘విత్’ చేరిస్తే అర్థం తల్లకిందులై, అది లేకుండానే కానివ్వడం అవుతుంది. ‘మెడికల్ సర్టిఫికెట్ డిస్పెన్స్‌డ్ విత్’ అని ఆఫీసరు రాస్తే సర్టిఫికెట్ అక్కరలేదని. ‘డిస్పోజ్’ సంగతీ అంతే. ఫైలు డిస్పోజ్ అయిందంటే పారేశారని కాదు, తేల్చేశారని. ఆర్.డిస్. అయితే శాశ్వతంగా దాచాలి, డి.డిస్. అయితే పదేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది. అన్నిటికన్నా చిత్రమైనది ‘శాంక్షన్’. మనకు అది మంజూరు, చల్లని మాట. రేడియోలో ఫలానా దేశం మీద అమెరికా శాంక్షన్స్ విధించిందని చెబితే మా అటెండరు “అమెరికా వాళ్లు ఎంత మంచోళ్లండీ, అందరికీ మంజూరు చేస్తన్నారు” అన్నాడు. ఒకే మాటకు అనుమతి, శిక్ష అని రెండు ఎదురెదురు అర్థాలు ఉన్నాయని అతనికి చెప్పడానికి టీ చల్లారిపోయింది.

‘లీవ్’ అన్న మాట దగ్గర మాత్రం మన తెలుగు ఇంగ్లీషుకు ఏమీ తీసిపోదు. ఇంగ్లీషులో లీవ్ అంటే మొదట అనుమతి. ఉద్యోగి గైరుహాజరు కావడానికి పైవారిచ్చే అనుమతి కాబట్టి అది లీవ్ అయింది. విడిచిపోవడం అన్న క్రియ వేరే మూలం నుంచి వచ్చి పక్కన చేరింది. మన ‘సెలవు’ చూడండి. సెలవివ్వండి అంటే అనుమతి, సెలవు తీసుకోవడం అంటే వీడ్కోలు, సెలవు రోజు అంటే ఆటవిడుపు. పాత తెలుగులో సెలవు అంటే ఖర్చు కూడా. ఎర్న్‌డ్ లీవు మొదటిసారి సరెండర్ చేసి డబ్బు తీసుకున్న రోజున, ఖర్చు అన్న ఆ నాలుగో అర్థం సాయంత్రానికే నాకు బోధపడింది.

లీవుల్లో ‘ఎక్స్‌ట్రార్డినరీ లీవ్’ అని ఒకటి. సినిమా వాళ్ల వాడుకలో ఎక్స్‌ట్రార్డినరీ అంటే అద్భుతం. రూల్సులో అది జీతం లేని సెలవు! ఆ పేరు చూసి ఎంత గొప్ప సెలవో అని మురిసిపోయి దరఖాస్తు పెట్టినవారు ఉన్నారు. ‘ఇన్‌వాలిడ్ పెన్షన్’ సంగతి అంత నవ్వులాట కాదు. జబ్బు వల్ల ఇక ఉద్యోగం చేయలేడని డాక్టర్లు తేల్చితే ఇచ్చే పింఛను అది. ఆ మాటను మొదటి అక్షరం మీద ఒత్తి పలికితే రోగి, రెండో అక్షరం మీద ఒత్తితే చెల్లనిది. కాగితం మీద రెండిటికీ ఒకటే స్పెల్లింగు. పక్షవాతం వచ్చిన ఒక డ్రైవరు భార్య ఆర్డరు కాగితం ఊళ్లో చదువుకున్న కుర్రవాడి చేత చదివించుకుంది. “మీ ఆయనకు చెల్లని పింఛను ఇచ్చారమ్మా” అన్నాడట అతను. ఆమె పొదిలి నుంచి బస్సెక్కి వచ్చి మా వరండాలో కూర్చుని ఏడ్చింది. “చెల్లుతుందమ్మా, నెలనెలా వస్తుంది” అని మా సూపరింటెండెంటు గారు నాలుగుసార్లు చెప్పాక గాని ఆమె లేవలేదు. అప్పటినుంచి అటువంటి ఆర్డరు పంపేటప్పుడు కింద తెలుగులో రెండు ముక్కలు రాసి పంపే అలవాటు మా సెక్షన్‌లో పడింది.

ఇక అసలు సంగతి. పింఛను మనకు ఎందుకిస్తున్నారు? ఈ ప్రశ్నకు జవాబు కూడా మాటల్లోనే దాగి ఉంది. 1871 నాటి పెన్షన్ల చట్టం పింఛనును ‘గ్రాంట్’ చేసే వస్తువుగా చూసింది. ‘కంపాషనేట్ అలవెన్స్’ అన్న మాట, అంటే జాలి భత్యం, ఆ చట్టంలోనే ఉంది. పింఛను గురించి సివిల్ కోర్టుకు వెళ్లే దారిని కూడా ఆ చట్టం మూసింది. అయితే అప్పులవాడు పింఛనును జప్తు చేయించకుండా అడ్డు పెట్టిందీ అదే చట్టం. ఈ మేలును మరవకూడదు. పాత తెలుగులో పింఛనుకు ‘ఉపకార వేతనం’ అని ఒక మాట ఉంది. ఇచ్చేవాడు ఉపకారి, పుచ్చుకునేవాడు ఉపకృతుడు. ఆ ఒక్క మాటలోనే ఎవరి చెయ్యి పైనో, ఎవరి చెయ్యి కిందో తెలిసిపోతుంది.

రాజ్యాంగం 310వ అధికరణంలో ‘ప్లెజర్’ అని ఉంది. ప్రభుత్వోద్యోగి రాష్ట్రపతి లేక గవర్నరు ప్లెజర్ ఉన్నంతవరకు ఉద్యోగంలో ఉంటాడు. ఇక్కడ ప్లెజర్ అంటే సంతోషం కాదు, ఇచ్ఛ, చిత్తం. మన పాత పలుకుబడిలో ‘చిత్తం ప్రభూ’ అంటామే, ఆ చిత్తం. వెంటనే వచ్చే 311 ఆ చిత్తానికి కళ్లెం వేసింది. ఉద్యోగానికి కళ్లెం దొరికింది గాని, పింఛను మాట కోర్టుల్లో తేలడానికి ఇంకా కాలం పట్టింది. 1971లో బీహారు విద్యాశాఖ ఉద్యోగి ఒకరి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పింఛను ‘బౌంటీ’ కాదని చెప్పింది. బౌంటీ అంటే దాత తన ఇష్టం కొద్దీ ఇచ్చే దానం. ‘రైట్’ అంటే హక్కు. రెండూ డబ్బు తెచ్చిపెట్టే మాటలే. బౌంటీ అయితే చెయ్యి చాచాలి, రైట్ అయితే లెక్క అడగవచ్చు.

ఆ తరవాతది నకారా గారి కేసు. మన సంఘంలో ఆ పేరు తెలియనివారు ఉండరు, కాని అందులో మాటల పాత్ర ఎంతో చాలామందికి తెలియదు. 1979 మే 25న కేంద్ర ప్రభుత్వం పింఛను లెక్కను ఉదారం చేస్తూ ఒక మెమో ఇచ్చింది. అంతకుముందు చివరి 36 నెలల సగటు జీతం మీద కట్టేవారు, కొత్త లెక్కలో 10 నెలల సగటు. ఎవరికైనా చివరి నెలల్లోనే జీతం ఎక్కువ కాబట్టి ఇది లాభమే. కాని మెమోలో ఒక చిన్న వాక్యఖండం ఉంది: 1979 మార్చి 31 నాటికి సర్వీసులో ఉండి, ఆ తేదీన గాని తరవాత గాని రిటైరైనవారికే ఇది వర్తిస్తుందని. అంటే మార్చి 30న ఇంటికి వెళ్లినవాడు పాత లెక్కలో, 31న వెళ్లినవాడు కొత్త లెక్కలో. ఇద్దరి సర్వీసు ఒకటే, ఇద్దరి బియ్యం ధర ఒకటే. సైన్యం వారికి ఇచ్చిన ఉత్తర్వులోని మాట ఇంకా విడ్డూరం. రిటైరైన అధికారిని అందులో ‘నాన్ ఎఫెక్టివ్’ అయినవాడు అన్నారు. అది సైనిక పరిభాష, బలగం లెక్కలో ఇక లేనివాడని అర్థం. మామూలు ఇంగ్లీషులో చదివితే ‘పనికిరానివాడు’ అని చెవిన పడుతుంది. దేశం కోసం ఎముకలు అరగదీసుకున్నవారికి పెట్టవలసిన పేరా అది!

రక్షణ శాఖలో ఆర్థిక వ్యవహారాలు చూసి రిటైరైన డి.ఎస్. నకారా గారు, సైన్యంలో పనిచేసిన మరొకరు, ఢిల్లీలోని కామన్ కాజ్ సంస్థ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో మన తెలుగువారైన ఓ. చిన్నపరెడ్డి గారు ఒకరు. తీర్పు రాసినది జస్టిస్ డి.ఎ. దేశాయ్ గారు. 1982 డిసెంబరు 17న తీర్పు వచ్చింది. గమనించవలసింది ఏమిటంటే, కోర్టు ఆ మెమోను కొట్టివేయలేదు. కొట్టివేస్తే కొత్త లాభం ఎవరికీ లేకుండా పోయేది. ఆ తేదీ గిరి గీసిన మాటలను మాత్రం ఏరి తీసేసింది. మిగిలిన మెమో పెన్షనర్లందరికీ వర్తించింది. మా సూపరింటెండెంటు గారు ఆ వార్త చదివి, “చూశారటయ్యా, సుప్రీంకోర్టు కూడా డ్రాఫ్టు కరెక్షను చేసింది” అన్నారు. డ్రాఫ్టులో అనవసరమైన మాట కొట్టేయడమే ఆయన జన్మంతా చేసిన పని. ఆ డిసెంబరు 17నే పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం.

ఆ తీర్పు వచ్చిన రెండు నెలలకే మన రాష్ట్రంలో పిడుగు పడింది. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి. రామారావు గారి కొత్త ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు తగ్గించింది. ఆ నెలాఖరుకే 55 దాటినవారంతా ఇళ్లకు వెళ్లారు. ఒంగోలులో ఆ రోజు ఏ ఆఫీసుకు వెళ్లినా పూలదండలే. ముందు వరసలో ఉండవలసిన పెద్దలు ఒక్కసారిగా మాయమైతే సెక్షన్లు బోసిపోయాయి. తగ్గింపు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1985 జనవరిలో చెప్పింది. ఈలోగా ప్రభుత్వమే 58ని పునరుద్ధరించింది, కాని 1984 ఆగస్టు 23 గీతగా పెట్టుకుని. ఆ గీతకు ముందు వెళ్లిపోయినవారి మాటేమిటని మళ్లీ కేసు. అదే 1985లో, చిన్నపరెడ్డి గారు రాసిన తీర్పుతో, మధ్యలో చిక్కుకున్నవారికీ మేలు దక్కింది. అక్కడ కూడా తగాదా అంతా ‘ఆ తేదీ నాటికి’ అన్న ముక్క మీదే.

మాటల తగాదాల్లో నాకు మహా ఇష్టమైనది ఇంక్రిమెంటుది. జూన్ 30న రిటైరయ్యే ఉద్యోగికి ఇంక్రిమెంటు జూలై 1న. ఏడాదంతా పనిచేశాడు, ఒక్క రోజు తేడాతో ఇంక్రిమెంటు పోయింది, దానితో పింఛనూ తగ్గింది. కర్ణాటక విద్యుత్ సంస్థ వారి రూలులో ఒకే వాక్యంలో రెండు మాటలు ఉన్నాయి. ఇంక్రిమెంటును ఉద్యోగి ‘ఎర్న్’ చేసిన రోజుకు మర్నాటి నుంచి అది ‘అక్రూ’ అవుతుంది. ఎర్న్ అంటే కష్టపడి సంపాదించడం. అక్రూ అంటే వచ్చి చేరడం, పైకం జమపడటం. నిఘంటువులో చూస్తే రెండూ చేతికి రావడమే. 2005లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్తి ధర్మాసనం ఇలాంటి తగాదాలో, జమపడే రోజున ఆ మనిషి ఉద్యోగే కాదు కాబట్టి రాదని తేల్చింది. 2017లో మద్రాసు హైకోర్టు దీనికి ఎదురు చెప్పింది. చివరకు 2023 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు కర్ణాటక కేసులో, సంపాదించింది చివరి రోజుకే పూర్తయింది కదా, మర్నాడు జమ పడటం చెల్లింపు సంగతి మాత్రమే అని చెప్పి మన హైకోర్టు అభిప్రాయాన్ని కాదంది.

మన మిరప రైతును అడిగితే ఈ తేడా కోర్టుకు వెళ్లకుండానే చెబుతాడు. కోత కోసి, కళ్లంలో ఎండబెట్టి, టిక్కీలు కట్టి శనివారం రాత్రి లారీకి ఎత్తాడు. గుంటూరు యార్డులో కాటా వేసి డబ్బిచ్చేది సోమవారం. ఆదివారం నాడు రైతుకు ఏమైనా అయితే పంట అతనిది కాకుండా పోతుందా? పోదు, ఇంటివాళ్లకు వస్తుంది. హైకోర్టు పెద్దల తర్కాన్ని తప్పుపట్టే తాహతు నాకు లేదు. రూలు మీద నోటు రాసే గుమాస్తాగా మాత్రం ‘ఎర్న్’ దగ్గర ఆగి చూడాలని నాకు అనిపిస్తుంది, ‘అక్రూ’ దాని వెనక నడిచే మాట గనుక. ఆ తీర్పు లాభం కోర్టుకు వెళ్లని ఇతరులకు 2023 మే 1 నుంచే అని సుప్రీంకోర్టు తరవాత స్పష్టం చేసింది. మన రాష్ట్ర ఉద్యోగుల ఇంక్రిమెంటు ఉత్తర్వులు వేరే ఉన్నాయి. వాటి జోలికి ఇక్కడ వెళ్లను.

ఎనభై నిండిన పెద్దలు మన సంఘంలో ఉన్నారు కాబట్టి ఇంకొక జత చెబుతాను. రిటైరైన హైకోర్టు న్యాయమూర్తులకు ఎనభై ఏళ్ల నుంచి అదనపు పింఛను ఇవ్వాలని వారి 1954 నాటి చట్టంలో చేర్చారు. ఎనభై ఏళ్లు అంటే ఎప్పుడు? ఎనభయ్యో ఏడు మొదలైనప్పుడా, ఎనభై నిండినప్పుడా? మన ఇళ్లల్లో ఎనభయ్యో ఏట అడుగుపెట్టినవారినే ఎనభై ఏళ్ల మనిషి అంటాం. గౌహతి హైకోర్టు 2018లో ఎనభయ్యో ఏడు మొదటి రోజు నుంచే ఇవ్వాలంది. ఏడాది పింఛను తేడా! అయితే పార్లమెంటు 2021 డిసెంబరులో చట్టం సవరించి, వయసు నిండిన నెల మొదటి తేదీ నుంచి అని రాసింది. చట్టం రాసినవారు మొదటే ‘కంప్లీటెడ్’ అని ఒక్క మాట పెడితే మూడేళ్ల తర్జనభర్జన ఉండేది కాదు.

పిల్లలకు ఒక్క సంగతి. 2004 సెప్టెంబరు 1 తరవాత మన రాష్ట్రంలో చేరినవారికి వచ్చిన కొత్త పద్ధతిలోనూ ‘పెన్షన్’ అన్న మాట ఉంది, కాని ముందు ‘కంట్రిబ్యూటరీ’ అన్న మాట చేరింది. మా పింఛనులో ఎంత వస్తుందో ముందే తెలుసు. వారి దాంట్లో ఎంత కట్టాలో మాత్రమే ముందే తెలుసు. పేరు ఒకటే, వస్తువు వేరు.

ఇంట్లోవాళ్లు తప్పక తెలుసుకోవలసిన జత ‘నామినీ’, ‘వారసుడు’. బీమా పాలసీలో నామినీగా పేరున్నవారు డబ్బు అందుకునే చెయ్యి మాత్రమేనని, ఆ డబ్బు వారసులందరిదీ అని సుప్రీంకోర్టు 1983 డిసెంబరులోనే చెప్పింది. ఆ కేసులో నామినీ భార్య, వాటా అడిగింది తల్లీ కొడుకూ. 2015లో బీమా చట్టం సవరించి తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైతే డబ్బు వారిదే అవుతుందని రాశారు. మిగతావాటికి పాత సూత్రమే నడిచింది. కంపెనీ షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ అదే చెప్పింది. ఫ్యామిలీ పెన్షనుకు ఈ గొడవ లేదు, అది నామినేషనును బట్టి కాకుండా రూల్సులో ‘ఫ్యామిలీ’ అన్న మాటకు ఇచ్చిన అర్థాన్ని బట్టి వెళుతుంది. కాబట్టి సర్వీసు రిజిస్టరులో, పింఛను కాగితాల్లో భార్య పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. పెళ్లినాటి పేరు ఒకటి, ఆధార్‌లో పేరు ఇంకొకటి అయిన ఇళ్లు మన పేటలోనే నాలుగు తెలుసు నాకు.

బ్యాంకు పాసుబుక్కు కూడా ఒకసారి తీయండి. జాయింటు ఖాతా ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అయితే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయవచ్చు, ఒకరు పోతే రెండోవారు తీయవచ్చు. ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అయితే బతికున్నంతకాలం మొదటి పేరువారే తీయాలి. ఆయన ఆసుపత్రిలో మంచాన ఉన్నా ఆవిడ సంతకం చెల్లదు. రెండు నెలల కిందట మా వీధిలో ఒక పిన్నిగారు పాసుబుక్కు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. “ఏమండీ, మా ఆయన జన్మంతా పంచాయతీరాజ్ ఆఫీసులో పనిచేశారు. మాకు సెంటు పొలం లేదు. బ్యాంకువాళ్లు ఫార్మర్ అని ఎందుకు రాసినట్టు?” అన్నారు. ఆ ఫార్మర్ రైతు కాదమ్మా, మొదటి పేరువారని చెప్పి, ఐదర్‌కు మార్చమని దరఖాస్తు తెలుగులో రాసి ఇచ్చాను. భార్యాభర్తలిద్దరూ వెళ్లి సంతకాలు పెట్టి మార్పించుకుని వచ్చారు. దరఖాస్తు నమూనా నా దగ్గర ఉంది. కావలసినవారు నెలవారీ సమావేశం రోజున నన్ను అడగండి, నకలు తీయించి ఇస్తాను.